రిగ్మోర్ వాయించని గురువారాలు

లౌస్ట్ గురించి మా ఊళ్ళో ఒక మాట నడుస్తోంది. మధ్యాహ్నం పూట ఊరి హాల్లో పరదాలు దించుకుని, చనిపోయిన రిగ్మోర్ చేత తన ఒక్కడి కోసమే పియానో వాయించుకుంటాడని, అది వింటూ ఏడుస్తాడని. బతికుండగా చెప్పుకోలేని ప్రేమ అట.

"పాలలారీ తోలిన రోజుల్లో ఐవిన్, రిగ్మోర్‌ల వాకిట్లో ఆగాడంటే ఇంజను చల్లారేదాకా కదిలేవాడు కాదు," అంటుంది బోదిల్, పొరల కేకు కోస్తూ. "పాలు పట్టుకెళ్ళడానికి అంతసేపెందుకయ్యా? ఐవిన్‌వి ఆవులా, ఏనుగులా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వుతారు. బోదిల్ కాఫీ కమిటీకి పెద్ద. ఆవిడ నోట పడిన మాట ఆవిడ కేకులాగే ఊరంతటికీ సమానంగా అందుతుంది.

వంటింటికీ హాలుకీ మధ్య గోడలో కాఫీ అందించే చిన్న కిటికీ ఉంది. నా చోటు దాని వెనక. తొమ్మిదో తరగతితో బడి మానేసినప్పటి నుంచి అక్కడ కప్పులు కడుగుతున్నాను. కప్పులు కడిగే మనిషికి చెవులుంటాయని ఎవరికీ గుర్తుండదు. అందుకే లౌస్ట్ గురించి నాకు ఊరికి తెలిసినదానికన్నా కొంచెం ఎక్కువ తెలుసు.

లౌస్ట్ పొడగరి. మాట తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. పాలలారీ ఉద్యోగం అయిపోయాక హాలు తాళాలు ఆయన చేతికొచ్చాయి. హాలు వేడెక్కించే బాయిలరు వెలిగించడం, కుర్చీలు వెయ్యడం, మంచు పడితే కాళ్ళు జారకుండా మెట్ల మీద ఉప్పు చల్లడం ఆయన పని. చలికాలంలో ప్రతి గురువారం సాయంత్రం ఊరంతా హాల్లో చేరి పాడతారు. లౌస్ట్ కూడా అందరితోపాటు లేచి నిలబడి పుస్తకం పట్టుకుంటాడు కానీ పెదాలు మాత్రమే కదుపుతాడు. "నేను పాడితే బాయిలరు చెడిందనుకుంటారు," అన్నాడొకసారి నాతో.

హాల్లో ఉన్న పియానో తనంతట తానే వాయించుకోగలదు. తీరంలో హోటలు మూతపడినప్పుడు మోసుకెళ్ళే దమ్మున్నవాళ్ళు లేక మాకు దక్కింది. దాని పక్కన చిన్న పెట్టె, పెట్టెకి ఫ్లాపీ దూర్చే నోరు. ఎవరైనా వాయిస్తున్నప్పుడు మీట నొక్కితే, వేళ్ళు ఎంత బలంగా పడ్డాయో, పెడల్ మీంచి కాలు ఎప్పుడు ఎత్తారో అంతా రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఆ ఫ్లాపీ పెడితే పియానో మెట్లు వాటంతటవే దిగుతాయి, అదే బలంతో, అదే ఆలస్యంతో.

రిగ్మోర్ మా హాలు పియానిస్టు. ఐవిన్ భార్య. బక్కపలచటి మనిషి. పియానో మీద ఎవరైనా కాఫీ కప్పు పెడితే పాట మధ్యలోనైనా ఆపేసి ఆ కప్పువైపు చూసేది. ఆవిడ వాయిస్తుంటే ఐవిన్ పక్కన కుర్చీలో కూర్చుని పాటల పుస్తకం పుటలు తిప్పేవాడు. రెండు పుటల మీద ఉన్న పాటైతే ఒకసారి ముందుకి, చరణం అయిపోగానే మళ్ళీ వెనక్కి తిప్పాలి. ఐవిన్ చెయ్యి నెమ్మది. అందుకని రిగ్మోర్ చరణం చివర వేళ్ళెత్తకుండా అర ఊపిరి ఆగేది. ఆ అర ఊపిరిలో ఆయన తిప్పేవాడు, మేమంతా గాలి పీల్చుకునేవాళ్ళం. ఆవిడ ఆగుతోందని పాడేవాళ్ళెవరూ గమనించలేదు. పాటంటే అలాగే ఉంటుందనుకున్నాం.

వేలి కణుపులు బిగుసుకుపోతున్నాయని డాక్టరు చెప్పాక, ఒక చలికాలమంతా కూర్చుని ఊళ్ళో పాడే పాటలన్నీ ఒక ఫ్లాపీ మీదికి ఎక్కించింది. ఐవిన్ పక్కనే కూర్చుని తిప్పుతూనే ఉన్నాడు. "నా చేతనైనంత చేసిపెట్టాను, ఆపైన మీ ఖర్మ," అంది బోదిల్‌తో. మరుసటి ఏడు పోయింది.

ఆవిడ పోయాక కూడా గురువారాలు ఆగలేదు. లౌస్ట్ ఫ్లాపీ పెట్టేవాడు. మెట్లు దిగేవి. ఐవిన్ తన కుర్చీలో కూర్చుని, ఎవరూ చూడని ఆ పుస్తకంలో పుటలు తిప్పేవాడు. ఎవరూ నవ్వలేదు. బోదిల్ కూడా నవ్వలేదు. సరిగ్గా ఆ అర ఊపిరి దగ్గర ఆయన చెయ్యి లేచేది, పుట పడేది, పాట సాగేది. ఆయన మొహంలోకి చూస్తే, ఇంట్లో పక్కగదిలో భార్య అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వింటున్నవాడిలా ఉండేవాడు.

గండమంతా కొత్త పాటల పుస్తకంతో వచ్చింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన జంట ఒకటి అందులోంచి కూడా పాడదామన్నారు. బోదిల్ లౌస్ట్‌ని చూసింది. "ఏమయ్యా, ఆ పెట్టెకి నీకు తప్ప ఎవరికీ భాష రాదు. చూడరాదూ?"

లౌస్ట్ పట్నం వెళ్ళి లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పాటల ఫైళ్ళు తెచ్చాడు. మా పియానో ముసలిది. ఫైల్లో పాటంతా ఒకే వరుసలో ఉండాలి. కుడి చెయ్యి వేరుగా, ఎడమ చెయ్యి వేరుగా రాసినవి పెడితే నోరు మూసుకుని కూర్చునేది. ఫ్లాపీలు కూడా పాతరకంవే కావాలి, అవి ఇప్పుడు దొరకవు. దొరికేవాటి మూల ఒక చిల్లు ఎక్కువుంటుంది. దాన్ని టేపు ముక్కతో మూసేసి, పియానోలోనే పెట్టి, అందులో ఉన్నదంతా చెరిపి సిద్ధం చెయ్యాలి. ఒక్కొక్కటీ పెట్టినప్పుడు పెట్టె అడుగుతుంది: చెరిపేయాలా? 'అవును' నొక్కాలి.

నేను వంటింట్లో కాఫీ కూజాలు తోముతున్నాను. లౌస్ట్ పియానో మూత మీద ఫ్లాపీల దొంతర పెట్టుకుని ఒకటి తరవాత ఒకటి పెడుతున్నాడు. పెట్టె కిర్రుమనడం, ఆయన నొక్కడం, తియ్యడం. పాలక్యానులు లారీ ఎక్కించినట్టు ఒకే ఊపులో సాగుతోంది. రిగ్మోర్ ఫ్లాపీ కూడా ఆ మూత మీదే ఉండేది, ఎప్పుడూ అక్కడే. హాల్లో ఉన్నది అదొక్కటే కనుక దాని మీద పేరు రాయాల్సిన అవసరం ఎవరికీ ఎన్నడూ రాలేదు.

కిర్రు చప్పుడు ఆగింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. కిటికీలోంచి తొంగిచూశాను. లౌస్ట్ చేతిలో ఒక ఫ్లాపీ ఉంది. దాని మూల టేపు లేదు.

"లౌస్ట్?"

"టేపు వెయ్యలేదు నేను దీనికి," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. "నేను దీనికి టేపు వెయ్యలేదు."

ఆ ఫ్లాపీని మళ్ళీ పెట్టి వాయించే మీట నొక్కాడు. పెట్టె మీద చిన్న గాజుపలకలో ఏదో వెలిగింది. మెట్లు కదల్లేదు. తీసి, కోటు చేతితో తుడిచి, మళ్ళీ పెట్టాడు. కదల్లేదు. పట్నంలో ఒకతను పోయినవి వెనక్కి తెస్తాడని తెలిసి మర్నాడే తీసుకెళ్ళాడు. ముసలి పెట్టె చెరిపిందంటే చెరిపినట్టేనని అతను చెప్పాడట.

"ఐవిన్‌కి చెప్తావా?" అని అడిగాను. అంత ధైర్యం నాకెలా వచ్చిందో.

"చెప్తాను. ఈ గురువారం అవనీ."

గురువారం వచ్చింది. లౌస్ట్ చెప్పలేదు. ఆ పాటలే ఫైళ్ళుగా దొరికాయి, ఎవరో ఎక్కడో వాయించినవి. అవి పెట్టాడు. పాటలు తప్పుల్లేకుండా వచ్చాయి, కానీ చరణం చివర ఆగకుండా దూసుకుపోయాయి. సగం హాలు ఊపిరి అందక వెనకబడింది.

"రిగ్మోర్‌కి ఇవాళ ఏదో తొందర పనున్నట్టుంది!" అని అరిచింది బోదిల్. అందరూ నవ్వారు. లౌస్ట్ నేలవంక చూస్తున్నాడు.

ఐవిన్ నవ్వలేదు. ఆయన చెయ్యి లేచేసరికి పియానో రెండో పుటలో ఉంది. వెనక్కి తిప్పేసరికి చరణం సగమైంది. రెండో పాటలో ఆయన ముందే తిప్పేశాడు, అప్పుడు మరీ ముందయింది. చెవులు ఎర్రబడ్డాయి. పాట అయ్యాక పుస్తకం మూసి మోకాళ్ళ మీద పెట్టుకుని, అరచేతిని తిరగేసి చూసుకున్నాడు.

ఆ రోజు నుంచే లౌస్ట్ మధ్యాహ్నాలు పరదాలు దించడం మొదలుపెట్టాడు. ఊరు చూసింది పరదాలనే. లోపల ఆయన పాత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, చరణానికీ చరణానికీ మధ్య జాగా పెంచి, ఫ్లాపీ మీదికి ఎక్కించి, పియానోలో పెట్టి, ఐవిన్ కుర్చీలో కూర్చునేవాడు. మెట్లు దిగుతుంటే తన మొద్దువేళ్ళతో పుటలు తిప్పి చూసేవాడు. సరిపోకపోతే మళ్ళీ మొదటికి. జాగా పెంచితే ఆగినట్టే ఉంటుంది, ఆవిడ ఆగినట్టు ఉండదు. గడప తట్టుకున్నట్టు ఉంటుంది. ఒకసారి నేను చెంచాలు తుడుస్తుంటే ముక్కు చీదిన చప్పుడు వినబడింది. బహుశా వాకిట్లోంచి వెళ్ళేవాళ్ళెవరో కూడా విన్నారు. మాట అలా పుట్టి ఉంటుంది.

ప్రతి గురువారం పాట కొంచెం మారేది. ప్రతి గురువారం ఐవిన్ చెయ్యి తప్పేది. పోయినవారం తప్పిన చోటు గుర్తుపెట్టుకుని జాగ్రత్తపడితే ఈ వారం అక్కడ పియానో ఆగేది. ఆయన పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి సాధన చేశాడు. బోదిల్‌తో చెప్పడం నేను విన్నాను, చక్కెర గిన్నె అందుకుంటూ.

"ఏళ్ళతరబడి ఆవిడకి తిప్పాను బోదిల్. నిద్రలో లేపినా తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియట్లేదు. మా నాన్నకీ ఇలాగే మొదలైంది."

"ఛ, ఏం మాటలవి. కేకు తిను."

"ఆయన గుర్రాన్ని ఆవనేవాడు ముందు. తర్వాత నన్ను మా మావయ్య అనేవాడు."

ఐవిన్ ఒకరోజు ఉన్నట్టుండి లౌస్ట్ భుజం పట్టుకుని అడిగాడు. ఆ సమయానికి ఇద్దరూ కుర్చీలు సర్దుతున్నారు.

"నిజం చెప్పరా. నేను తప్పు తిప్పుతున్నానా?"

లౌస్ట్ కుర్చీ మడిచాడు. ఇంకో కుర్చీ మడిచాడు. "ఈ మధ్య నిద్ర సరిగా పట్టట్లేదేమో నీకు," అన్నాడు.

ఐవిన్ తలూపాడు. "అదే అయ్యుంటుంది," అన్నాడు, నమ్మనివాడి గొంతుతో.

నేను చూశాను లౌస్ట్‌ని అప్పుడు. ఆయన ఐవిన్ వెళ్ళినవైపే చూస్తూ కుర్చీలు మడుస్తున్నాడు. మడిచినవాటినే విప్పి మళ్ళీ మడుస్తున్నాడు. ఆ వేళ నుంచి ఆయన కాఫీలోకి ఏమీ తినడం మానేశాడు. పెట్టిన దాల్చినచెక్క రొట్టె పళ్ళెంలో అలాగే వెనక్కి వచ్చేది. నాలుక చివరిదాకా వచ్చి ఆగిన మాట మనిషికి ఆకలి వేయనివ్వదని అప్పుడు తెలిసింది నాకు.

ఐవిన్ కూతురు మార్గ్రేతే ఆల్బోర్గ్ నుంచి వచ్చింది. తండ్రే పిలిపించుకున్నాడు. "నేను కారు నడపడం మంచిది కాదేమో, పిల్లలెవరికైనా తగిలిస్తానేమో," అని ఆయనే కారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. సముద్రపాయ అవతల వృద్ధుల నివాసంలో ఒక గది ఖాళీ అయిందట. ఇల్లు అమ్మేస్తారని బోదిల్ చెప్పింది. చెప్పేటప్పుడు ఎప్పటిలా గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఐవిన్ హాలుకి వచ్చాడు. పరదాలు దించి ఉన్నాయి. లౌస్ట్ ఆయన కుర్చీలోనే కూర్చుని పుట తిప్పుతున్నాడు. పియానో వాయిస్తోంది. ఐవిన్ గుమ్మంలో నిలబడి చూశాడు. లౌస్ట్ గభాలున లేచి పెట్టె ఆపాడు.

"నువ్వు నేర్చుకుంటున్నావన్నమాట," అన్నాడు ఐవిన్. కోపం లేదు. చంకలోంచి పుస్తకం తీసి పియానో మీద పెట్టాడు. "మంచిదే. నేను నీకు ఇద్దామనే తెచ్చాను. ఎవరో ఒకరు తిప్పాలి కదా ఆవిడకి."

"కూర్చో ఐవిన్."

"మార్గ్రేతే బయట కారులో ఉంది. గది చూడ్డానికి వెళ్తున్నాం."

"కూర్చోమంటున్నాను."

ఐవిన్ కూర్చోలేదు. లౌస్ట్ రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అది రిగ్మోర్ కాదు," అన్నాడు.

"ఏది?"

"వాయించేది. కొత్త పాటలు తెచ్చిన దగ్గర్నుంచీ కాదు. ఆవిడ ఫ్లాపీ నేను చెరిపేశాను. ఖాళీ ఫ్లాపీలతో కలిసిపోయింది. పెట్టె అడిగింది, నేను అవునన్నాను."

బయట కారు హారన్ ఒకసారి మోగింది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు ఐవిన్.

లౌస్ట్ మళ్ళీ చెప్పాడు, అవే మాటలు.

"మరి ఇన్ని గురువారాలు నేను ఎవరికి తిప్పాను?"

"తెలీదు. ఎవడో. కంప్యూటర్లో దొరికినవాడు. నేను వాటిని సాగదీశాను, నరికాను. వారానికో రకంగా మార్చాను. అందుకే నీకు అందలేదు. నీ చెయ్యి తప్పలేదురా. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆవిడ ఆగేచోటే నువ్వు తిప్పావు."

ఐవిన్ ఇప్పుడు కూర్చున్నాడు, తన కుర్చీలో కాదు, రిగ్మోర్ కూర్చునే బల్ల అంచున. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వాటినే చూసుకున్నాడు.

"అయితే నా బుర్ర బాగానే ఉంది."

"బాగానే ఉంది."

"తాళాలిచ్చేశానురా నేను."

"తెలుసు."

"మా నాన్నలా అయిపోతున్నానని రాత్రిళ్ళు కూర్చుని మనవల పేర్లు అప్పజెప్పుకున్నాను. తెలుసా అది?"

లౌస్ట్ తల అడ్డంగా ఊపాడు.

"నిన్ను అడిగాను. ఇక్కడే. భుజం పట్టుకుని అడిగాను." ఐవిన్ గొంతు పెంచలేదు. మా ఊళ్ళో పెంచరు. "ఆవిడ మొదటిసారి పోయినప్పుడు నా పొయ్యి దగ్గర నిలబడి నాకు బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టావు. రెండోసారి పోయినప్పుడు నాకు కబురు కూడా చెప్పలేదు."

"చెప్పలేకపోయాను."

"ఆ సంగతి నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఏమీ అవదు."

లేచాడు. పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. వంటింటి కిటికీ ముందు నుంచి వెళుతూ నన్ను చూసి, "కాఫీ వద్దు తల్లీ," అన్నాడు, నేను అడగకుండానే.

పరదా పక్కకి జరిపి చూశాను. ఐవిన్ కారు దగ్గర నిలబడి కూతురికి అరచెయ్యి చాపాడు. ఆవిడ ఏదో అంది. ఆయన చెయ్యి దించలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు, గాలికి ఆవిడ జుట్టు మొహమంతా పరుచుకుంది. చివరికి ఆవిడ దిగి అటువైపు వెళ్ళి కూర్చుంది. కారు సముద్రపాయ వైపు కాక ఇంటివైపు తిరిగింది. వెనక లౌస్ట్ పియానో మూత వేసిన చప్పుడు వినబడింది.

ఆ గురువారం ఐవిన్ రాలేదు. పాటలకు ముందు బోదిల్ ఎప్పుడూ ఊరి కబుర్లు చదువుతుంది, అవి అయ్యాక లౌస్ట్ నిలబడ్డాడు. హాల్లో ఆయన గొంతు వినడం చాలామందికి అదే మొదటిసారి. పుస్తకం గుండెకి ఆనించుకుని జరిగింది చెప్పాడు. తను నొక్కింది చెప్పాడు, దాచింది చెప్పాడు, ఐవిన్ అడిగితే నిద్ర అని అబద్ధమాడింది కూడా చెప్పాడు.

"అయితే ఆ గురువారం..." అంది బోదిల్, "రిగ్మోర్‌కి తొందర పనుందని నేను..."

"నీకు తెలీదు కదా," అన్నాడు లౌస్ట్.

ఆ రోజు పియానో లేకుండానే పాడారు. మూడో పాటకల్లా శ్రుతి బావిలో మెట్లు దిగినట్టు కిందికి వెళ్ళిపోయింది. ఆపి, పైనుంచి మళ్ళీ మొదలుపెట్టారు. చరణాల చివర అందరూ ఆగారు, ఎవరూ చెప్పకుండానే, ఒక్కటిగా.

ఐవిన్ తర్వాత వచ్చాడు, మంచు కరిగే రోజుల్లో. తన కారులో వచ్చాడు. పుటలు తిప్పే కుర్చీలో కూర్చోలేదు, వెనక బల్ల దగ్గర కొత్తజంట పక్కన కూర్చున్నాడు. లౌస్ట్ చక్కెర అడిగితే అందించాడు. అంతకుమించి మాట లేదు. ఇప్పటికీ లేదు. లౌస్ట్ ఇప్పటికీ బాయిలరు వెలిగిస్తాడు, కుర్చీలు వేస్తాడు. మెట్ల మీద ఉప్పు చల్లేటప్పుడు ఐవిన్ కారు ఆగే చోట రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేస్తాడు. ఐవిన్ దాని మీద నడిచి లోపలికి వస్తాడు, కాళ్ళు తుడుచుకుంటాడు, వెనక బల్లకి వెళతాడు.

లౌస్ట్ అంతా చెప్పేశాక కూడా ఊళ్ళో మాట ఆగలేదు. కొంచెం రంగు మారిందంతే. ప్రేమ ఎక్కువై, ఆవిడ ఇంకెవరికీ వినబడకూడదనే చెరిపేశాడని ఇప్పుడంటున్నారు.

రిగ్మోర్‌కి లౌస్ట్ అంటే పడేది కాదు. లౌస్ట్‌కీ ఆవిడంటే పడేది కాదు. హాల్లో బాయిలరు ఎంత వెయ్యాలన్నదాని మీద ఇద్దరూ ఏటేటా తగువాడుకునేవాళ్ళు, ఆవిడ ఆఖరి చలికాలం దాకా. పాలలారీ ఆపి ఆ వాకిట్లో లౌస్ట్ అంతసేపు కూర్చున్నది ఐవిన్‌తో.